పింక్ కాపీ

బబుల్స్ గీయడం కొత్తగా నేర్చుకున్న మనిషికి కొన్నాళ్ళు దూరంగా ఉండడం మంచిది. ఈ మాట నా గురించే చెబుతున్నాను.

మా ఆఫీసు రిజిస్టర్లన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. సాఫ్ట్‌వేర్ రాసేది బయటివాళ్ళే, కానీ మనకేం కావాలో వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పడానికి మనలో ఒకరుండాలన్నారు మేనేజర్ గారు. అందరూ ఒక్కసారిగా కిటికీలోంచి బయటికి చూశారు. నేను ఖర్మ కాలి ఆయన వైపు చూశాను. అలా సిస్టమ్స్ ఎనాలిసిస్ అండ్ డిజైన్ అనే సాయంకాలం కోర్సులో చేరాను.

మొదటి వారం కాంటెక్స్ట్ డయాగ్రమ్. సంస్థ ఎంత పెద్దదైనా సరే, అందులో ఒకే ఒక్క బబుల్, అంటే జరిగే పనికి గుర్తుగా గీసే గుండ్రం. దాని నంబరు సున్నా. చుట్టూ చదరపు డబ్బాల్లో బయటివాళ్ళు, మధ్యలో సమాచారం వచ్చిపోయే దిక్కు చూపే బాణాలు. ఇన్నేళ్ళూ కొండంత అనుకుని భయపడిన ఆఫీసు అరచేతి వెడల్పు సున్నాలో ఇమిడిపోయేసరికి నాకు కాస్త తల తిరిగింది. రెండో వారం ఆ సున్నాని విడగొట్టి 1, 2, 3 అని లోపలి బబుల్స్ గీశాం. మూడో వారం తప్పులు పట్టడం. బబుల్‌లోకి బాణాలు వెళ్ళడమే తప్ప బయటికి ఏదీ రాకపోతే అది బ్లాక్ హోల్. లోపలికి ఏమీ వెళ్ళకుండానే బయటికి వచ్చేస్తుంటే అది మిరకిల్. మా ఆఫీసులో మొదటి రకం నాలుగు, రెండో రకం ఒకటి ఉన్నాయని క్లాసులోనే వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. ఆ ఒక్కటీ నెలాఖరు రిపోర్టు.

ప్రాజెక్టుకి మా స్టోర్ తీసుకున్నాను. ఎవరికైనా టోనరో ఫైళ్ళో కావాలంటే ఇండెంట్ రాయాలి, స్టోర్ వాళ్ళు సామాను ఇస్తారు. ఇంతే కదా అనుకున్నాను.

"ముందు ఉన్నది ఉన్నట్టు గీయండి" అన్నారు మాస్టారు. "ఏ కాగితం ఎవరి చేతిలోకి వెళ్తుంది, ఏ బల్ల మీద ఆగుతుంది, ఎవరు చూస్తారు, అన్నీ. కుర్చీలో కూర్చుని కాదు, కాగితం వెంట నడవాలి."

ఈ బొమ్మల విద్య మీద పుస్తకం రాసిన టామ్ డిమార్కో 1978లో చెప్పిన పద్ధతి ఇదే. ఇప్పుడున్న పని పైకి ఎలా కనబడుతుందో ముందు ఒక బొమ్మ, అందులోంచి మనుషుల్నీ కాగితాల్నీ తీసేసి అసలు పని మాత్రం మిగిల్చి రెండో బొమ్మ, కొత్త పనికి మూడోది, కొత్తది అమల్లో ఎలా ఉంటుందో నాలుగోది. నాలుగు బొమ్మలు! అదే రాత్రి చదువుతుంటే ఈ విద్యలోనే ఇంకో పెద్ద రచయిత ఎడ్వర్డ్ యోర్డన్ కనబడ్డాడు. ఈ మొదటి బొమ్మ గీస్తూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుందని, వీలైనంత తగ్గించుకోమని 1989లో ఆయన సలహా ఇచ్చాడు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. ఆయన ఏ సందర్భంలో అన్నాడో, ఎవరిని ఉద్దేశించి అన్నాడో నేను పట్టించుకోలేదు. నడక రద్దు చేసి, ఇంటర్వ్యూలతో సరిపెట్టాను.

స్టోర్ కీపర్ గారు రిటైర్‌మెంట్‌కి దగ్గరపడిన మనిషి. నోట్‌బుక్ తెరిచి ఎదురుగా కూర్చున్నాను.

"ఇండెంట్ వచ్చాక ఏం చేస్తారండీ?"

"ఇస్తాం."

"ఇచ్చే ముందు?"

"చూస్తాం."

"ఏం చూస్తారు?"

"ఎవరడిగారో చూస్తాం, బాబూ."

దీన్ని డెసిషన్ టేబుల్‌లో, అంటే ఏ షరతుకి ఏం చేయాలో గడుల్లో రాసే పట్టికలో, ఎలా వేయాలో ఇప్పటికీ నాకు తెలియదు. షరతు అని ఉన్న గడిలో "మొహం" అని రాసి, తర్వాత కొట్టేశాను.

ఆయన రిజిస్టర్ కూడా చూపించారు. ఒక గడిలో ఒకే విలువ ఉండాలని డేటాబేస్ పాఠంలో మొట్టమొదటి నియమం, డేటాబేస్‌ని పట్టికలుగా అమర్చే పద్ధతిని 1970లో కాడ్ రాసినప్పటినుంచీ ఉన్నదే. ఈయన రిజిస్టర్లో "వివరం" గడిలో ఇలా ఉంది: "2 టోనర్లు, ఒకటి వాపస్, మిగతాది సాయంత్రం తీసుకుంటానన్నాడు, రాలేదు, బీరువా పైన ఉంది." ఒక్క గడిలో నాలుగు టేబుళ్ళు, ఒక కథ. పైగా ఆ టోనర్ నిజంగానే బీరువా పైన ఉంది. నా డిజైన్‌లో అయితే అది దొరికేది కాదు. ఆ సంగతి అప్పట్లో తట్టలేదు.

ఇక ఇండెంట్ ఫారం. కింద కార్బన్ పెట్టి మూడు కాపీలు రాస్తారు. తెల్లది స్టోర్ దగ్గర, పసుపుది అడిగినవాళ్ళ దగ్గర, పింక్‌ది అకౌంట్స్‌కి. తెల్లదానికీ పసుపుదానికీ పని కనబడింది. పింక్ కాపీ వెంటబడ్డాను, అంటే నడిచి కాదు, ఫోన్లో.

అకౌంట్స్‌లో అడిగాను, పింక్ కాపీతో ఏం చేస్తారని.

"కట్ట కట్టి బీరువాలో పెడతాం."

"తర్వాత?"

"బీరువా నిండితే కింద గదిలో పెడతాం."

"మరి ఎందుకు తీసుకుంటున్నారండీ?"

"స్టోర్ వాళ్ళు పంపుతున్నారు కదా!"

స్టోర్‌కి ఫోన్ చేశాను. ఎందుకు పంపుతున్నారని అడిగితే "అకౌంట్స్ వాళ్ళు తీసుకుంటారు కదా, బాబూ" అన్నారు.

ఫోన్ పెట్టేసి ఎగిరి గంతేసినంత పని చేశాను. లోపలికి వెళ్ళే బాణం ఉంది, బయటికి వచ్చే బాణం లేదు. పాఠంలో చెప్పిన బ్లాక్ హోల్, కొలిచినట్టు! అంతకుముందు నాలుగూ అనుమానం మీద లెక్కపెట్టినవి, ఇది సాక్ష్యంతో సహా దొరికింది. ఆ బబుల్ చుట్టూ ఎర్ర స్కెచ్ పెన్నుతో రెండు గీతలు గీసి మేనేజర్ గారికి చూపించాను. ఆయన ముచ్చటపడి, కొత్త సిస్టమ్ వచ్చేదాకా ఎందుకు, సోమవారం నుంచే పింక్ కాపీ ఆపేద్దామన్నారు. సర్క్యులర్ వెళ్ళింది. ఆ సోమవారమే పదకొండు గంటలకి, శాఖల వాళ్ళందరి ముందూ నా డిజైన్ చూపించాలని కూడా అన్నారు.

ప్రొజెక్టర్ స్టోర్‌లోనే ఉంటుంది. పొద్దున్నే పద్ధతిగా ఇండెంట్ రాశాను, రెండే కాపీలతో. పింక్ లేని మొదటి ఇండెంట్ నాదే కావాలని ముచ్చటపడ్డాను కూడా.

పదిన్నరైనా ప్రొజెక్టర్ రాలేదు. పావుతక్కువ పదకొండుకి అటెండర్ ఫోన్ చేశాడు.

"సార్, గేటు దగ్గర ఆపేశారు."

"ఏ గేటు?"

"మన గేటే సార్. స్టోర్ షెడ్డుకీ మన బిల్డింగుకీ మధ్యది."

వెళ్ళి చూద్దును కదా, గేటుకి అవతల సంత! రెండు టోనర్ డబ్బాలు, చక్రాల కుర్చీ ఒకటి, ఫైళ్ళ కట్టలు, ఫ్యాను, వాటి పక్కన నలుగురు అటెండర్లు, అన్నిటికంటే వెనక బట్ట కప్పుకుని నా ప్రొజెక్టర్. ఇవతల స్టూలు మీద సెక్యూరిటీ గార్డు తాపీగా కూర్చుని ఉన్నాడు.

"పింక్ చీటీ లేకుండా సామాను పోనివ్వకూడదు సార్."

"పింక్ చీటీ అకౌంట్స్‌కి కదయ్యా!"

"అకౌంట్స్‌కి పోయేది ఈ దారినే కదా సార్. సామానుతో పాటే తెస్తారు. అది చూసి వదులుతాం."

అప్పుడు నా బొమ్మ కళ్ళముందు కదిలింది. స్టోర్ బబుల్ నుంచి అకౌంట్స్ బబుల్‌కి నేను గీసిన బాణం, స్కేలు పెట్టి గీసిన నున్నటి బాణం. దాని మధ్యలో ఒక గేటు, ఒక స్టూలు, స్టూలు మీద ఒక మనిషి. డేటా ఫ్లో డయాగ్రమ్‌లో, అంటే ఈ బబుల్స్ బొమ్మలో, బాణానికి దారి ఉండదు, రెండు కొసలే ఉంటాయి. దారి కనబడేది ఆ మొదటి బొమ్మలో, నేను తగ్గించుకున్న దాంట్లో. ఇంటర్వ్యూల జాబితా నేను స్టాఫ్ లిస్టు చూసి రాసుకున్నాను. గార్డు కాంట్రాక్టు మనిషి, లిస్టులో లేడు. పోనీ, ఎవరి వివరాలు, వేటి వివరాలు దాచాలో చూపే ఎంటిటీ డయాగ్రమ్‌లోనైనా ఉన్నాడా అంటే అక్కడ వస్తువు, ఇండెంట్, శాఖ, ఉద్యోగి ఉన్నారు. టోనర్‌కి దొరికిన చోటు ఆయనకి దొరకలేదు.

"సర్క్యులర్ వచ్చింది, చూడలేదా?" అన్నాను, ఆఖరి అస్త్రంగా.

"మాకు రాలేదు సార్. మాది వేరే ఏజెన్సీ కదా."

"అయినా ఆ చీటీలో ఏం రాసుంటుందో ఎప్పుడైనా చదివావా?"

"రాసింది అకౌంట్స్ వాళ్ళకి సార్. మాకు రంగు."

కోర్సు మొత్తంలో నేను విన్న రిక్వైర్‌మెంట్స్ అన్నిటిలోకీ ఇంత స్పష్టంగా ఉన్నది ఇంకొకటి లేదు.

ఈ గొడవ విని స్టోర్ కీపర్ గారు షెడ్డులోంచి మెల్లగా వచ్చారు. జేబులోంచి పింక్ కాగితాల పుస్తకం తీశారు. శుక్రవారం అన్నీ చించేయమన్నది నేనే.

"ఎందుకైనా మంచిదని ఒకటి ఉంచా, బాబూ" అని, కుర్చీ మీద పెట్టి ఐదు చీటీలు రాశారు. గార్డు ఒక్కొక్కటీ దూరం నుంచే చూసి చెయ్యి ఊపాడు. సంత కదిలింది.

పదకొండుంబావుకి ప్రొజెక్టర్ వెలిగింది. మూడో స్లయిడ్ మీద పెద్ద అక్షరాల్లో "పింక్ కాపీ: ఉపయోగం లేదు, తొలగించవచ్చు" అని ఉంది. మార్చడానికి టైం ఎక్కడిది? వెనక వరసలో ఎవరో, ఈ ప్రొజెక్టర్ ఇక్కడికి ఎలా వచ్చిందండీ అని అడిగారు. మేనేజర్ గారు కిటికీలోంచి బయటికి చూశారు.

ఈసారి కాగితం వెంట నడిచాను. నాలుగు రోజులు నడిచి, గేటు దగ్గర ఒక పూటంతా స్టూలు మీద కూర్చుని, బొమ్మ మళ్ళీ గీశాను. గార్డుకి స్క్రీన్ పెడదామా అని అడిగితే, ఎండలో కనబడదు సార్, కాగితమే ఇవ్వండి, రంగు మాత్రం మార్చకండి అన్నాడు. సరే, కొత్త సిస్టమ్‌లో ఇండెంట్ మంజూరు కాగానే మా బిల్డింగులోని ప్రింటర్ నుంచి పింక్ కాగితం మీద గేటు పాస్ వస్తుందని రాశాను. మాస్టారు చూసి బాగుందన్నారు. మేనేజర్ గారు కూడా సంతకం పెట్టారు.

ట్రయల్ వేద్దామని పింక్ కాగితం రీము ఒకటి ఇండెంట్ పెట్టాను. పాస్ మంజూరైనట్టు కంప్యూటర్లో వచ్చింది కూడా. కానీ ప్రింటర్లో పింక్ కాగితం లేదు, స్టోర్ కీపర్ గారి పుస్తకం అయిపోయింది, రీము గేటుకి అవతల ఉంది.