లిస్బన్ ప్రమాదంలో తాడు వయసు 140 ఏళ్లు కాదు, 337 రోజులు

2025 సెప్టెంబర్ 3న లిస్బన్‌లో గ్లోరియా ఫ్యునిక్యులర్ (తాడుతో వాలు ఎక్కి దిగే రైలు) పెట్టె ఒకటి వాలు మీద అదుపు తప్పి భవనాన్ని ఢీకొంది. 16 మంది చనిపోయారు. దాని గురించి తెలుగులో తిరుగుతున్న సందేశం చెప్పేది ఇది: 140 ఏళ్ల నాటి తాడు తెగింది, ఎవరూ తనిఖీ చేయలేదు, డ్రైవర్ బ్రేకు వేయలేదు, కాబట్టి తమిళనాడులో పళని కొండకు తాడుతో లాగే వించ్ బండితో సహా తాడుతో నడిచే బండి ఏదీ ఎక్కొద్దు. తాడు పోయిన మాట నిజం. మిగతాదంతా తప్పు.

"140 ఏళ్ల నాటి తాడు." పాతది మార్గం. అది 1885లో మొదలైంది, మొదట నీటి బరువుతో, తర్వాత ఆవిరితో, 1915 నుంచి కరెంటుతో నడిచింది. తాడును గడువు ప్రకారం మారుస్తూనే ఉంటారు. పోర్చుగల్ ప్రమాద విచారణ సంస్థ ప్రకటన ప్రకారం, 600 రోజులు వాడాల్సిన ఆ తాడు వేసి 337 రోజులే అయింది. ఆ రకం తాడుకు ప్రయాణికుల రవాణాకు ధ్రువీకరణ లేదని అక్టోబర్ నాటి ప్రాథమిక నివేదికలో తేలింది. ఇది తీవ్రమైన లోపమే. అయితే అంతకుముందు వేసిన అదే రకం తాడు 601 రోజులు ఇబ్బంది లేకుండా పనిచేసింది. అందుకే ప్రమాదానికి అదే కారణమని సంస్థ తేల్చలేదు.

"ఎవరూ తనిఖీ చేయలేదు." ఆ రోజు ఉదయమే తనిఖీ చేసినట్టు రికార్డు ఉంది. చిక్కంతా తాడు పోయిన చోటులో ఉంది. అది పైన ఉన్న పెట్టెకు తాడును బిగించే భాగం లోపలిది. విప్పితే తప్ప కంటికి కనపడదు. ఇలాంటి తాళ్లలో సాధారణంగా కొసన తీగల్ని విడదీసి, శంకు ఆకారపు ఉక్కు గిన్నెలో పెట్టి, కరిగించిన లోహం పోసి బిగిస్తారు. ఆ లోహం ఎక్కడ ఆగిపోయి తాడు ఎక్కడ వంగడం మొదలవుతుందో అక్కడ తీగలు అలసిపోయి ఒక్కొక్కటే తెగుతాయి. మధ్య తాడును అయస్కాంత పరీక్షతో చూడొచ్చు కానీ, గిన్నె దగ్గర ఆ పరీక్ష సరిగ్గా పనిచేయదు. కొసను విప్పి చూడాలి, లేదా గడువు పెట్టుకుని కోసేసి మళ్లీ లోహం పోయాలి.

"డ్రైవర్ బ్రేకు వేయలేదు." ఆయన కూడా ఆ ప్రమాదంలోనే చనిపోయారు. ఆయన మీద ఇది వేయకూడని నింద. ఆరు మీటర్లు కదిలేలోపే తాడు పట్టు పోయింది, వెంటనే ఆయన గాలి బ్రేకు, చేతి బ్రేకు రెండూ వేశారని విచారణ సంస్థ చెప్పింది. అయినా పెట్టె ఆగలేదు. దాదాపు 170 మీటర్లు జారి, మలుపులో పట్టాలు తప్పి, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో గుద్దుకుంది. మొత్తం 50 సెకన్లలోపే.

ఎందుకు ఆగలేదు? ఫ్యునిక్యులర్‌లో రెండు పెట్టెలు ఒకే తాడుకు రెండు కొసలు. ఒకటి దిగుతుంటే దాని బరువే రెండోదాన్ని ఎక్కిస్తుంది. మోటారు మోసేది రెండింటి బరువు తేడాను, రాపిడిని మాత్రమే. గ్లోరియాలో ఖాళీ పెట్టె సుమారు 14 టన్నులు, వాలు 18 శాతం. 42 మంది ఎక్కితే దాదాపు 17 టన్నులవుతుంది. అందులో వాలు వెంట కిందికి లాగేది 3 టన్నులు. తాడు ఉన్నంతసేపు, ఒకటి నిండుగా ఒకటి ఖాళీగా ఉన్నా, బ్రేకు మీద పడేది అర టన్నే. తాడు పోయిన క్షణాన అది ఆరింతలైంది. పైగా చక్రాన్ని పట్టే బ్రేకు ఎంత బలమైనదైనా ఉక్కు పట్టా మీద ఉక్కు చక్రానికి దొరికే పట్టుకు మించి ఆపలేదు. పొడి పట్టా మీద అది బరువులో నాలుగో వంతు, తడిస్తే పదో వంతుకు దగ్గర. 18 శాతం వాలులో కదలకుండా నిలబెట్టడానికే ఐదో వంతుకు దగ్గరగా కావాలి. తాడు లేకుండా పెట్టెను ఆపే శక్తి ఆ బ్రేకులకు లేదని సంస్థ రాసింది. లోపం ఈ రూపకల్పనలోనే ఉంది.

దీనికి విరుగుడు కొత్తదేమీ కాదు. స్విట్జర్లాండ్‌లో స్టాన్సర్‌హార్న్ మార్గంలో 1893లోనే పట్టకారు బ్రేకు పెట్టారు. అది చక్రాన్ని వదిలేసి పట్టా తలనే రెండు వైపుల నుంచి నొక్కి పట్టుకుంటుంది. నేటి పెట్టెల్లో దాన్ని స్ప్రింగులు మూస్తాయి, నూనె ఒత్తిడి తెరిచి ఉంచుతుంది. తాడు సడలినా, వేగం మీరినా, ఒత్తిడి పోయినా దానంతట అదే మూసుకుంటుంది.

"ఏదీ ఎక్కొద్దు." పళని వించ్ అయినా, మహారాష్ట్రలో 2018లో మొదలైన సప్తశృంగి ఫ్యునిక్యులర్ అయినా లిస్బన్‌ను చూపించి తీర్పు చెప్పలేం. ఊటీ రైలుకైతే తాడే లేదు, పట్టాల మధ్య పళ్ల కడ్డీ ఉంటుంది. నిర్వాహకుల్ని అడగాల్సినవి వేరే ఉన్నాయి. పెట్టెలో పట్టాను పట్టే బ్రేకు ఉందా? నిండు బరువుకు సరిపడా ఇసుక బస్తాలు పెట్టి, తాడును సడలించి, అది ఎన్ని మీటర్లలో ఆపుతుందో చివరిసారి ఎప్పుడు కొలిచారు? తాడు కొసల్ని విప్పి చూసింది ఏ తేదీన?