శీఘ్రమేవ డ్రాఫ్టు ప్రాప్తిరస్తు

బెంగళూరు తెలుగు ఇంజనీరుకు పెళ్లి సంబంధాల మార్కెట్టులో గిరాకీ తగ్గిందన్నది బహిరంగ రహస్యమే. హెచ్1బీని ఎవరూ నమ్మడం లేదు. స్టార్టప్ షేర్లంటే అమ్మాయి తండ్రి నవ్వేస్తున్నాడు. సర్జాపుర రోడ్డులో ఫ్లాటుందంటే "వాటర్ ట్యాంకరుకు నెలకెంతవుతోంది బాబూ?" అని అడుగుతున్నారు. ఇలాంటి దశలో మారతహళ్లి పీజీల్లోని మన యువత బిట్‌కాయిన్ ఇంప్రూవ్‌మెంట్ ప్రపోజల్, ముద్దుగా బిప్, అంటే బిట్‌కాయిన్ సాఫ్ట్‌వేరును ఎలా మార్చాలో రాసిపెట్టే ప్రతిపాదన, వైపు చూడటం ఎంతైనా హర్షణీయం. ఫీజు లేదు, ఎంట్రన్సు లేదు, నంబరు ఒకసారి పడిందంటే ఇంటిపేరులా అంటిపెట్టుకునే ఉంటుంది. కాయిన్ల లాభం మీద 30 శాతం పన్ను, అమ్మితే 1 శాతం టీడీఎస్ ఉన్నాయి గానీ ప్రతిపాదనల మీద ప్రభుత్వం ఇంకా చెయ్యి వేయలేదు.

చిక్కల్లా ఒక్కటే. మనవాళ్లు ప్రతిపాదన పాస్ కావాలనే దురాశతో మొదలుపెడుతున్నారు. అసలు పాస్ చేసే నాథుడెవరు? ప్రతిపాదనలకు నంబర్లిచ్చే ఎడిటర్లా? ఆ బరువు ఏళ్ల తరబడి దాదాపు ఒక్కరి నెత్తి మీదే ఉంటే, 2024 ఏప్రిల్‌లో ఒకేసారి ఐదుగురిని చేర్చుకున్నారు. వాళ్లూ చూసేది ఫార్మాటు, శీర్షిక, విషయంలో సాంకేతికంగా అర్థముందా లేదా అన్నదే. ఒప్పుకునే సూచనలు లేకపోయినా పర్లేదు, అర్థవంతంగా ఉంటే చాలని 2016 నాటి రెండో నంబరు బిప్‌లోనే రాసుకున్నారు. కాబట్టి నంబరు పడటమంటే ఆమోదం కాదు, రిజిస్టరులో పేరెక్కడం. సరే అనడానికి ఎవరికీ అధికారం లేదు, కాదనడానికి అందరికీ ఉంది. ఈ మహాసూత్రం ఒంటబట్టించుకున్నవాడు డ్రాఫ్టు దశలోనే సుఖంగా కాపురం చేస్తాడు.

పేరు పెట్టేటప్పుడు జాగ్రత్త. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కోడు రాయకముందే నంబరు తగిలించుకు తిరిగేవాళ్లు ఎక్కువయ్యారు. సొంతంగా నంబరు వేసుకోవడం నిషిద్ధం. నంబరు వచ్చేదాకా రాసినవారి పేరూ విషయమూ కలిపిన తాత్కాలిక నామంతో సరిపెట్టుకోవాలి. రెండో బిప్ ఉదాహరణగా ఇచ్చిన పేరు "బిప్-జాన్‌డో-ఇన్‌ఫినిట్‌బిట్‌కాయిన్స్". 2.1 కోట్లకు మించి నాణేలు పుట్టని వ్యవస్థలో అనంత నాణేల ప్రతిపాదనను నమూనాగా చూపించిన పెద్దల హాస్యానికి జోహార్లు. శీర్షిక 44 అక్షరాలు దాటకూడదని కూడా ఆ బిప్ అప్పట్లో శాసించింది. మన ఎంటెక్ థీసిస్ శీర్షికల మీద ఇంతకంటే క్రూరమైన దాడి ఉండదు.

ఇక విషయం ఎంపిక. మా సిఫార్సు: తెలుగు పదాల పట్టిక. 2013లో మొదలైన 39వ బిప్ మీ వాలెట్ (నాణేల తాళంచెవులు దాచే యాప్) రహస్యాన్ని 12 లేదా 24 మామూలు మాటలుగా మారుస్తుంది. పట్టికలో 2048 మాటలు, ఒక్కో మాటకు 11 బిట్లు. 12 మాటలకు 132 బిట్లు: అందులో 128 యాదృచ్ఛికం, 4 చెక్‌సమ్, అంటే మాటల్లో తప్పు దొర్లితే పట్టించే గుర్తు. జపనీస్, కొరియన్, ఇటాలియన్, చెక్ పట్టికలు ఉన్నాయి, తెలుగుది లేదు. ఇంగ్లీషు కాని పట్టికలు వాడొద్దని ఆ బిప్పే గట్టిగా వారిస్తోంది కనుక మీది పాసయ్యే ప్రమాదమూ లేదు. ఇంతకంటే సురక్షితమైన పెట్టుబడి ఎక్కడ దొరుకుతుంది?

పట్టికలో మొదటి నాలుగు అక్షరాలతోనే మాటను గుర్తుపట్టగలగాలి. తెలుగులో అక్షరమంటే ఏమిటో ముందు తేల్చండి. "స్త్రీ" మనకు ఒకే అక్షరం, యూనికోడ్‌కు ఆరు ముక్కలు. నాలుగు ముక్కల దగ్గర కోస్తే మిగిలేది "స్త్". ఈ ఒక్క చర్చకే రెండేళ్లు నిశ్చింతగా గడిచిపోతాయి.

తర్వాత "పైసా" అనే మాటను పట్టికలో పెట్టండి. మాటల వరుసను ఎన్‌ఎఫ్‌కేడీ రూపంలోకి, అంటే కలిసిన గుర్తుల్ని విడదీసి రాసే యూనికోడ్ పద్ధతిలోకి మార్చి, ఆ తర్వాతే 2048 సార్లు హ్యాష్ (వెనక్కి తిప్పలేని లెక్క) తిప్పి సీడ్, అంటే వాలెట్ తాళాలన్నిటికీ మూలమైన సంఖ్య, తీయాలన్నది నియమం. ఆ రూపంలో ఐత్వం రెండు ముక్కలవుతుంది, ఎత్వం ఒకటి, దాని కింద గుర్తు ఒకటి. ఒక వాలెట్ ఈ మార్పు చేసింది, ఇంకొకటి మర్చిపోయింది అనుకోండి. తెర మీద రెండింట్లోనూ "పైసా" పైసాలాగే కనిపిస్తుంది. చెక్‌సమ్ మాటల వరుస సంఖ్యల నుంచి లెక్కకడతారు కనుక అదీ సరిపోతుంది. వాలెట్ ఏ ఫిర్యాదూ లేకుండా తెరుచుకుంటుంది. లోపల మాత్రం పైసా ఉండదు! డబ్బు వేరే సీడ్ కింద భద్రంగానే ఉంటుంది, మీకు కనపడదంతే. అందుకే టెస్ట్ వెక్టర్లలో, అంటే సరిచూసుకోవడానికి ఇచ్చే నమూనా లెక్కల్లో, ఐత్వమున్న మాటలు తప్పకుండా ఇవ్వాలి. కావాలనే ఇవ్వకపోతే రివ్యూలో మరో ఏడాది కలిసొస్తుంది.

సొరకాయా, ఆనపకాయా అన్న రంగంలోకి దిగకుండా పట్టిక పూర్తికాదు. పెళ్లిలో ళకింద ల వత్తా, ళ వత్తా అన్నది ఇంకొకటి. మూడు ప్రాంతాలవాళ్లూ తలపడుతుంటే, తరతరాలుగా ఇక్కడే ఉన్న బెంగళూరు తెలుగువాళ్లు వచ్చి మా కన్నడం కలిసిన మాటల మాటేమిటని నిలదీస్తారు. ఎవరినీ వారించకండి. ప్రతి "నాక్"కూ, అంటే ఒప్పుకోననే మాటకూ, సవినయంగా ధన్యవాదాలు చెప్పండి. "కాన్సెప్ట్ ఆక్" పెట్టినవారిని మాత్రం అనుమానించాలి. ఆలోచన బాగుందని చెప్పి కోడు చూడకుండా వెళ్లిపోయినవాడు మళ్లీ కనిపించడు.

అందరూ ఒప్పుకుంటే కొంప మునుగుతుందా అన్న భయం అక్కర్లేదు. సెగ్‌విట్ అనే బిట్‌కాయిన్ మార్పు సంగతి చూడండి. మైనర్లు, అంటే లావాదేవీల బ్లాకులు తయారుచేసేవాళ్లు, ఒక విడతలోని 2,016 బ్లాకుల్లో 95 శాతం మీద సరేనన్న గుర్తు, అదే సిగ్నల్, పెట్టాలన్నారు, నెలల తరబడి వాళ్లు ఆ దరికి రాలేదు. ఆగస్టు 1 నుంచి సిగ్నల్ లేని బ్లాకుల్ని మేమే తిప్పికొడతామని 148వ బిప్ పట్టుకుని వాడుకదారులు బెదిరించాక, 80 శాతానికి దిగిన 91వ బిప్ అడ్డదారి దొరికాక, 2017 ఆగస్టు 24న అమల్లోకొచ్చింది. ఆ తర్వాత వచ్చిన మార్పు టాప్‌రూట్‌కు పెద్దగా వ్యతిరేకులే లేరు. మరి గొడవ దేనిమీద? దాన్ని ఎలా ఆన్ చెయ్యాలన్నదాని మీద! గడువును బ్లాకు ఎత్తుతో (బ్లాకు వరుస సంఖ్యతో) కొలవాలా, సమయంతో కొలవాలా అని వాదించుకుని, చివరికి రాబోయే బ్లాకు హ్యాష్‌తో బొమ్మా బొరుసూ వేసేదాకా వెళ్లారు. లక్షల కోట్ల ఆస్తిని కాపాడే మేధావులు టాస్ వేసుకున్నారని తెలిశాక మన అపార్టుమెంటు అసోసియేషన్ల మీద గౌరవం పెరగాలి.

సీరియస్‌గా పనిచేసినవీ లేకపోలేదు, అది వేరే బాధ. 42వ బిప్ ఏప్రిల్ 1న జోకులా వచ్చింది. కొత్త నాణేల బహుమతి సుమారు నాలుగేళ్లకోసారి సగమవుతుంది; అలా 64 సగాల తర్వాత, అంటే సుమారు 256 ఏళ్లకు, కోడులోని షిఫ్ట్ లెక్క తప్పి నాణేల ముద్రణ మళ్లీ మొదలయ్యే లోపాన్ని నిజంగానే సరిదిద్దింది. మరోవైపు 39వ బిప్ పైన "అమలు చేయవద్దని ఏకగ్రీవ సలహా" అని వ్యాఖ్యల సారాంశం వేలాడింది. లోకంలోని వాలెట్లు చాలావరకు దాన్నే అమలు చేశాయి.

మరో క్రిప్టో వ్యవస్థ ఎథీరియం వైపు మొగ్గేవాళ్లకు ఒక హెచ్చరిక. అక్కడ కోర్ డెవలపర్ల కాల్ గురువారం మన టైం ప్రకారం రాత్రి ఏడున్నరకు. ఆ వేళకు మీరు బెళ్లందూరు దగ్గర క్యాబ్‌లో మ్యూట్‌లో ఉంటారు. పైగా అక్కడ ఓపిక తక్కువ. ఆరు నెలలు కదలిక లేకపోతే ప్రతిపాదనను స్తబ్ధం అని ముద్ర వేసి పక్కన పెడతారు. బిట్‌కాయిన్‌లో 2016 నాటి నియమం మూడేళ్ల పురోగతి లేమిని సహించింది, పురోగతి అంటే ఏమిటో మాత్రం విడమర్చలేదు. కనుక ఎథీరియంలో ఐదు నెలలు నిండగానే ఒక కామా మార్చి కమిట్ పెట్టండి. ఆ కామా అక్కర్లేదని ఎవరైనా నాక్ పెడితే, దానికి జవాబు రాయడానికి తొందరపడొద్దు.