కంచె వేసే ముందు: సైన్యం నుంచి సేద్యంలోకి వచ్చేవారికి

ఇరవై రెండేళ్లు సైన్యంలో పనిచేసి, ఆరేళ్లుగా మూడెకరాల పొలం చేసుకుంటున్న మనిషిగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. పదవీ విరమణ దగ్గరపడిన సైనికుడికి చుట్టుపక్కల వాళ్లందరూ ఇచ్చే సలహా ఒక్కటే. చేతికొచ్చిన డబ్బంతా పెట్టి ఎంత వస్తే అంత భూమి కొనుక్కో, చుట్టూ కంచె వేసుకో, ట్రాక్టరు తెచ్చుకో, ఎవరి జోలికీ పోకుండా ప్రశాంతంగా బతుకు. ఇందులో నాకు కోపం తెప్పించేది ఆ చివరి మాట. ఆకలైనా, చలైనా, భయమైనా పక్కనున్న పది మందితో కలిసి పంచుకోవడం తప్ప మరో బతుకు తెలియని మనిషిని తీసుకెళ్లి కంచె లోపల ఒంటరిగా కూర్చోబెట్టి, దానికి ప్రశాంతత అని పేరు పెడుతున్నారు. నేనూ అదే సలహా విని మొదలుపెట్టాను. అందుకే చెబుతున్నాను, ఆ సలహా తప్పు.

ఇది ఈనాటి తప్పు కూడా కాదు. క్రీ.శ. 60 నాటికి, నీరో పాలనలో, రోమ్ తన మాజీ సైనికులను ఇటలీలోని టరెంటమ్, యాంటియమ్ పట్టణాల్లో స్థిరపరచాలని చూసింది. వారిలో చాలామంది అక్కడ నిలవక, తాము కొలువు చేసిన దూర ప్రాంతాలకే తిరిగి వెళ్లిపోయారు. చరిత్రకారుడు టాసిటస్ ఇందుకు చెప్పిన కారణం చదివినప్పుడు నా గురించే రాశాడా అనిపించింది. పూర్వం పటాలం మొత్తాన్ని, దాని అధికారులతో సహా, ఒకేచోట దించేవారట. ఒకరి మీద ఒకరికి ఆపేక్ష ఉండేది గనుక అక్కడ ఊరు వెలిసేది. తర్వాత తర్వాత వేర్వేరు దళాల నుంచి ముక్కూ ముఖం తెలియని వాళ్లను తెచ్చి ఒకచోట పోగేశారు. తలల లెక్క కుదిరింది గాని ఊరు కుదరలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆస్ట్రేలియా కూడా తిరిగొచ్చిన సైనికులకు భూములిచ్చింది, ఎంతోమంది అప్పులపాలై వదిలేసుకున్నారు. 1929లో న్యాయమూర్తి పైక్ ఇచ్చిన నివేదిక పెట్టుబడి లేకపోవడం, కుటుంబం బతకడానికి చాలినంత భూమి లేకపోవడం, వచ్చినవారిలో కొందరు సేద్యానికి తగినవారు కాకపోవడం, పంటల ధరలు పడిపోవడం అనే నాలుగు కారణాలు చూపింది. చిన్న పొలం చాలదన్న రెండో కారణాన్ని నేను దాటవేయను. మా మూడెకరాలు మా ఇంటిని నిలబెడుతున్నది వెనక పెన్షన్ ఉంది గనుకనే. ఆ ఆధారం లేని రైతుకు నేను పాఠాలు చెప్పబోను. అయితే ఆ ఆధారం ఉన్న మనం, ఎవరితోనూ పంచుకోకుండా పెద్ద పొలానికి ఎందుకు ఆశపడాలి?

మొదటి ఏడాది నేను చేసిన పని చెబుతాను. దున్నే తేదీ, విత్తే తేదీ, కలుపు తీసే తేదీ అన్నీ కాగితం మీద రాసుకున్నాను. దున్నే రోజుకు రెండు రోజుల ముందు వాన పడింది. తేదీ తప్పకూడదన్న అలవాటు కొద్దీ తడినేలలోకే ట్రాక్టరు దింపాను. చక్రాల బరువుకు, నాగలి ఒత్తిడికి కింద మట్టి అణిగి గట్టిపొర కట్టింది. ఆ పంటలో మొక్కలు పీకి చూస్తే వేళ్లు జానెడు లోతు కూడా దిగకుండా పక్కకు తిరిగి ఉన్నాయి. అవతలి పొలం పెద్దాయన కంచె బయట నిలబడి ఆ దున్నకమంతా చూశారు. ఎందుకు చెప్పలేదని తర్వాత అడిగితే, "మీరు అడగలేదు కదా సార్" అన్నారు. ఆ జవాబు నన్ను చాలా రోజులు వదల్లేదు.

మరుసటి అదనుకు నేనే వెళ్లి పిలిచాను. ఆయన వచ్చి, బెత్తెడు లోతు తవ్వి, గుప్పెడు మట్టి తీసి ముద్ద చేసి, బొటనవేలితో నొక్కారు. ముద్ద విరగలేదు, వేలి కింద జిగురుగా సాగింది. "ఇది పొడిపొడిగా రాలితే పదునుకొచ్చినట్టు. ఇంకా రాలేదు, రెండు రోజులు ఆగు బాబూ" అన్నారు. ఏడాది పాటు సార్ అని పిలిచిన మనిషి నోట బాబూ అన్న పిలుపు రావడం నాకు ఏ పతకానికీ తీసిపోలేదు.

ఆ తర్వాతే పంటను ముందుగానే పంచుకునే పద్ధతి గురించి తెలుసుకున్నాను. జపాన్‌లో 1970లలో రైతులు, వినియోగదారులు నేరుగా ఒప్పందం చేసుకుని దీన్ని తెయికెయ్ అన్నారు. అమెరికాలో 1986లో మసాచుసెట్స్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రాల్లో చెరొక పొలం ఇలాంటి పద్ధతి మొదలుపెట్టింది. కొన్ని కుటుంబాలు విత్తకముందే తమ వాటా డబ్బు ఇస్తాయి. పండితే పండినంత, పోతే పోయినంత అందరూ పంచుకుంటారు. విత్తనానికి, కూలికి డబ్బు అవసరమైన వేళకే అది చేతిలో ఉంటుంది, బజారు ధర పడిపోయిందని గుండె పట్టుకోవలసిన పని ఉండదు. పక్కవాడి కష్టంలో నా వంతు నేను మోస్తానన్న ఈ ఒప్పందాన్ని సైనికుడికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

మా పొలంలో ఇప్పుడు పన్నెండు కుటుంబాలకు వాటాలున్నాయి. మూడో ఏడాది ఒక్క రాత్రిలో 60 మిల్లీమీటర్ల వాన కురిసింది. పది మిల్లీమీటర్ల వాన పడితేనే ఎకరం మీద సుమారు 40 వేల లీటర్ల నీరు చేరుతుంది. మా మూడెకరాల మీద ఆ రాత్రి ఏడు లక్షల లీటర్లు దాటింది. సరిగ్గా నేను తడిలో దున్ని పాడుచేసిన భాగంలోనే, ఇంకా విరగని ఆ గట్టిపొర మీదే, కూరగాయల మళ్లలో నీళ్లు నిలిచాయి. తెల్లవారేసరికి ఆరు కుటుంబాల వాళ్లు పారలు పట్టుకుని వచ్చారు. ఎవరికీ నేను ఆజ్ఞ ఇవ్వలేదు. పెద్దాయన వాలు ఎటుందో చూపించారు, మేం కాలువ తీశాం. ఆ నెల వాటాదారులకిచ్చే కూరగాయల సంచులు సగమే నిండాయి. ఒక కుటుంబం తర్వాతి పంటకు వాటా మానుకుంది, అది వారి హక్కు. మిగిలినవాళ్లు ఉన్నారు.

మట్టిలో చేయి పెడితే యుద్ధం మిగిల్చిన గాయాలన్నీ మానిపోతాయని రాసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. రాత్రుళ్లు నిద్రపట్టని మా పాత సహచరుడొకడు వారానికి రెండు రోజులు వచ్చి ఎరువు కుప్ప తిరగేస్తాడు. కుప్ప నడుమ 55 డిగ్రీల వేడి నిలిచిందా లేదా అని కడ్డీ గుచ్చి చూసి పుస్తకంలో రాస్తాడు, వేడి తగ్గితే పచ్చి చెత్త, మరీ తడిసి ముద్దయితే ఎండుటాకులు వేయిస్తాడు. వాటాదారుల పిల్లలు అతని చుట్టూ మూగుతారు. అతనికి ఆ పని ఇష్టం. కానీ అతన్ని వైద్యుడి దగ్గరికి క్రమం తప్పకుండా వెళ్లమని పోరేవాళ్లలో నేనే మొదటివాణ్ణి. పొలం అతనికి నలుగురు మనుషులను ఇచ్చింది. అంతకుమించిన బరువు పొలం మీద మోపకండి.

వేకువనే లేవడం, పనిముట్లు శుభ్రంగా ఉంచుకోవడం, లెక్క రాయడం, ఇవన్నీ మనకు సైన్యంలోనే అలవడ్డాయి, ఇక్కడా పనికొస్తాయి. పొరుగువాడిని అడగడం మాత్రం కొత్తగా నేర్చుకోవాలి. నేను పెద్దాయన పొలం వైపు కంచెను మనిషి నడిచేంత మేర తీసేసి, అక్కడ బాట వేశాను. వచ్చే ఏడాది విరమణ ఉన్నవారు భూమికి బయానా ఇచ్చే ముందు, ఎవరి పొలంలోనైనా సరే ఒక పంటకాలమంతా కూలికి చేయండి. చోటు దొరక్కపోతే మా దగ్గరికి రండి. విత్తనం వేసే వారం ఇద్దరికి పని ఉంటుంది, పడుకోవడానికి గది కూడా ఉంది.