తల్లిపాలలో తండ్రి వంతు

బిడ్డకు పాలసీసా పట్టే భర్తను మెచ్చుకోవడం మన ఇళ్లలో ఇప్పుడిప్పుడే మొదలైంది. మంచిదే. కానీ ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే పట్టాలన్నప్పుడు, తండ్రి అసలు పని సీసా కాదు. పాలిచ్చే ముందూ ఆ తర్వాతా ఉండే చాకిరీ.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. కడుపు మీద కుట్లున్న మనిషి రాత్రి పదేపదే లేచి ఉయ్యాల్లోంచి బిడ్డను ఎత్తుకోవడం నరకం. ఎత్తడం, తడిబట్ట మార్చడం, తల్లి పక్కన పడుకోబెట్టడం, తాగాక భుజాన వేసుకుని తేన్పు వచ్చేదాకా వీపు నిమరడం తండ్రి చేయగలిగినవే.

‘నువ్వు పడుకో, డబ్బాపాలు నేను పడతా’ అనడంలో ప్రేముంది, చిక్కూ ఉంది. పాలు తీయకపోతే రొమ్ము గట్టిపడి నొప్పి, ఒక్కోసారి జ్వరం వస్తాయి. రోజూ అదే జరిగితే పాలే తగ్గిపోతాయి. తల్లి ఉద్యోగానికి వెళ్తే పిండి ఉంచిన పాలు పట్టాలి. అవి 25 డిగ్రీల లోపు గదిలో నాలుగు గంటలు, ఫ్రిజ్ లోపలి అరలో నాలుగు రోజులు ఉంటాయి. మన ఎండల్లో బయట ఉంచే మాటే వద్దు. మరిగించకూడదు, వేడినీళ్ల గిన్నెలో కాసేపు ఉంచితే చాలు. సీసా కన్నా ఉగ్గుగిన్నె నయం. బిడ్డను నిటారుగా ఒళ్లో కూర్చోబెట్టుకుని అంచును కింది పెదవికి ఆనిస్తే తనే నాలుకతో అందుకుంటుంది. నోట్లో పోస్తే పొలమారుతుంది.

ఇవి నేర్చుకోవాల్సిన రోజుల్లో తండ్రి ఎక్కడుంటాడు? తొలి కాన్పు పుట్టింట్లో. మూడో నెలో, ఐదో నెలో వచ్చేదాకా అతను ఆదివారం చుట్టం. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో తల్లికి తొలి రెండు కాన్పులకు 26 వారాల సెలవు వచ్చింది. తండ్రి కేంద్ర ప్రభుత్వోద్యోగి అయితే 15 రోజులు. ప్రైవేటులో చట్టం ఏమీ ఇవ్వలేదు, అంతా యాజమాన్యం దయ. ఈ అన్యాయం సరిదిద్దాల్సిందే. ఆ 15 రోజులను కాన్పయ్యాక ఆరు నెలల్లోపు వాడుకోవచ్చు కాబట్టి, బారసాల హడావుడికి కాక, తల్లీబిడ్డలు ఇంటికొచ్చిన వారానికి దాచుకోవడం మేలు.

అన్నప్రాశన అయ్యాక ఏ సాకూ లేదు. దేశంలో 6-23 నెలల పిల్లల్లో తగినంత తిండి అందుతున్నది 11.3 శాతానికేనని అదే సర్వే చెప్పింది. ఇంట్లో జరిగే పొరపాటు పప్పుకట్టు. పల్చటి నీళ్లతో పొట్ట నిండుతుంది, బలం రాదు. చెంచా వంచినా జారిపోనంత చిక్కగా అన్నం, పప్పు, నెయ్యి మెదపాలి. రెండు మూడు చెంచాలతో మొదలెట్టి ఎనిమిదో నెలకు 250 మిల్లీలీటర్ల గిన్నెలో సగానికి, రోజుకు రెండు మూడుసార్లకు చేరాలి. ఏడాది లోపు తేనె వద్దు. ఆఫీసుకెళ్లే ముందు ఒక పూట పూర్తిగా తండ్రిదే కావాలి, మెదపడం నుంచి మూతి కడగడం దాకా.