చివరి పీతకి ఓవర్‌టైమ్

సిబ్బందిని తగ్గిస్తే పని ఊపందుకుంటుందన్న మహా సిద్ధాంతాన్ని ఏ అమెరికా ప్రొఫెసరో కనిపెట్టాడని మన హెచ్‌ఆర్ వాళ్ల నమ్మకం. పొరపాటు. 1978లో జపాన్‌లోని టైటో కంపెనీలో తొమొహిరో నిషికాదో అనే ఇంజనీరు కనిపెట్టాడు, అదీ అనుకోకుండా. అదొక వీడియో గేమ్, పేరు స్పేస్ ఇన్వేడర్స్: పైనుంచి దిగివచ్చే శత్రువుల్ని కింద నుంచి మనం కాల్చాలి.

వరసకి పదకొండు మంది చొప్పున అయిదు వరసలు, మొత్తం 55 మంది గ్రహాంతరవాసులు. ఆక్టోపస్‌లు, పీతలు, స్క్విడ్‌లు. శత్రువులుగా మనుషుల్ని పెడదామంటే, మనుషుల్ని కాల్చడం బాగుండదని కంపెనీ వద్దందట. ఆ రోజుల్లో కంపెనీలకి అంత మొహమాటం ఉండేది.

లోపలున్న ఇంటెల్ 8080 చిప్పు విడతకి ఒక్కణ్నే జరపగలదు. 55 మందికీ వంతు రావడానికి దాదాపు సెకను పడుతుంది, కాబట్టి మొదట్లో అంతా నత్తనడకే. మనం ఒక్కొక్కణ్నీ లేపేస్తున్నకొద్దీ మిగిలినవాళ్లకి వంతు తొందరగా వస్తుంది. ఆఖరికి ఒంటరి పీత ఒకటి మిగులుతుంది చూడండి, పాపం, స్క్రీన్ ఈ కొస నుంచి ఆ కొసకి ఉరుకులు పరుగులు! వెనకాల నాలుగే నాలుగు స్వరాలు, బీపీ పెరిగిన గుండెలా. ఇది చిప్పు చేతకానితనమని నిషికాదోకి తెలుసు. ఆటకి మజా వచ్చిందని అలాగే వదిలేశాడు. మా ఆఫీసులో దీన్ని ఆప్టిమైజేషన్ అంటారు.

అప్పుడప్పుడూ అందరి నెత్తి మీదుగా ఓ ఎగిరే సాసర్ వెళుతుంది. బాంబు వెయ్యదు, కిందికి దిగదు, పాయింట్లు మాత్రం దానికే ఎక్కువ. ఏ డిజిగ్నేషనో మీకే తెలుసు. దాన్ని కొడితే ఒక్కోసారి వచ్చే 300 పాయింట్లు అదృష్టమనుకున్నారు చాలామంది. కాదు, మనం పేల్చిన గుళ్ల లెక్క అది: మొదట 23వది, ఆపైన ప్రతి పదిహేనోది. అదృష్టం పేరిట నడిచేవాటిలో లోపల ఎక్సెల్ షీటు ఉండటం కొత్తేమీ కాదు.

1981లో బ్రిటన్ పార్లమెంటులో జార్జ్ ఫౌల్క్స్ అనే ఎంపీ ఈ ఆటలకి ముకుతాడు వెయ్యాలని బిల్లు తెచ్చాడు. ఆయనది లేబర్ పార్టీ. అయినా బాధంతా చెడిపోతున్న పిల్లల గురించే, పీతల పని గంటల ఊసే లేదు. 114 మంది వద్దన్నారు, 94 మంది కావాలన్నారు.

1979లోనే పార్ట్ 2 వచ్చింది. అందులో కొందర్ని కాలిస్తే ఒకడు కాస్తా ఇద్దరవుతాడు. మా టీమ్‌లో ఒక సీనియర్‌ని పంపించి, ఆ సీట్లో ఇద్దరు కాంట్రాక్టు కుర్రాళ్లను కూర్చోబెట్టిన రోజున నాకిది గుర్తొచ్చింది.

ఇక గెలవడమంటారా, ఆ ఏర్పాటే లేదు. 55 మందినీ ఊడ్చేస్తే ఇంకో 55 మంది, ఈసారి ఇంకాస్త కిందినుంచి మొదలు. పాత మెషీన్‌లో స్కోరుకి నాలుగంకెలే చోటు, 9,990 దాటితే మళ్లీ సున్నా. మా అప్రైజల్ ఫారం తయారుచేసినవాడెవడోగానీ, ఈ మెషీన్‌లో చాలా నాణేలే పోసుంటాడు.