సీఆర్‌పీ పెరిగితే ఫిట్స్ ముదిరినట్టేనా?

‘ఫిట్స్ ఉన్నవాళ్లు సీఆర్‌పీ టెస్టు చేయించుకోండి. నంబరు పెరిగితే జబ్బు ముదిరినట్టు. వాపు తగ్గించుకుంటే మాత్రలతో పనిలేదు, పసుపు పాలు చాలు.’ వాట్సాప్‌లో తెగ తిరుగుతున్న ఈ మెసేజ్‌లో గోరంత నిజం లేకపోలేదు. చిక్కంతా దానితోనే.

ఆ గోరంత ఏమిటంటే, మూర్ఛ ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ పోల్చిన అధ్యయనాల్లో ఉన్నవాళ్ల రక్తంలో సీఆర్‌పీ (ఒంట్లో ఎక్కడ వాపు ఉన్నా పెరిగే ప్రొటీన్), ఇంటర్‌ల్యూకిన్-6 (వాపుకు సంకేతమిచ్చే ఇంకో ప్రొటీన్) సగటున ఎక్కువ కనిపించాయి. సగటున మాత్రమే. ఒక్క మనిషి రిపోర్టు పట్టుకుని ఫిట్స్ ఎంత తీవ్రమో ఏ డాక్టరూ చెప్పలేరు.

‘నంబరు పెరిగింది కాబట్టే ఫిట్స్’ అన్నది మరీ తలకిందుల వాదన. సీఆర్‌పీ తయారయ్యేది మెదడులో కాదు, కాలేయంలో. చిగుళ్ల వాపు, ఊబకాయం, సిగరెట్లు, ఏదో ఒక ఇన్‌ఫెక్షన్, వేటితోనైనా పెరుగుతుంది. పెద్ద ఫిట్ వచ్చిన కొన్ని గంటల్లోనే ఇంటర్‌ల్యూకిన్-6 పెరగొచ్చు. అంటే ఫిట్ వల్లే నంబరు మారొచ్చు. నాలుక కొరుక్కుని, పడి మోచెయ్యి చీరుకుపోయి, నోట్లోది ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వచ్చినవాళ్లకు సీఆర్‌పీ పెరగక ఏం చేస్తుంది? పైగా అది పెరగడం మొదలవడానికే 6 నుంచి 8 గంటలు పడుతుంది, 48 గంటలకు గానీ గరిష్ఠానికి చేరదు. ఉదయం ఫిట్ వస్తే మధ్యాహ్నం తీసిన రక్తం ఒకటి చెబుతుంది, ఎల్లుండి తీసింది ఇంకొకటి. మనిషీ అదే, ఫిట్టూ అదే!

వాపుతో ఫిట్స్ రావా అంటే, వస్తాయి. మన దేశంలో తరచూ కనిపించే న్యూరోసిస్టిసర్కోసిస్‌లో మెదడులో చేరిన బద్దెపురుగు పిల్ల చచ్చేటప్పుడు చుట్టూ వాస్తుంది. అది బయటపడేది స్కానింగ్‌లో, సీఆర్‌పీలో కాదు. దానికి స్టెరాయిడ్లు ఇచ్చినా ఫిట్స్ మాత్రలు ఆపరు.

పసుపు పాల గురించి ఒక్క ముక్క: పసుపులో ఉండే కర్క్యుమిన్ అనే పదార్థం పేగుల్లోంచి రక్తంలోకి చేరేదే బహు తక్కువ.

అసలు ప్రమాదం మాత్రలు మానెయ్యమనడంలో ఉంది. ఉన్నట్టుండి ఆపితే ఆగకుండా ఫిట్స్ రావచ్చు. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే అది ప్రాణం మీదికి వచ్చే అత్యవసర పరిస్థితి. గ్లాస్గోలో అప్పటిదాకా మందులు వాడని 470 మందిపై చేసి 2000లో ప్రచురించిన అధ్యయనంలో 64 శాతం మందికి మందులతోనే ఫిట్స్ ఆగాయి.

తీవ్రత తేల్చడానికి డాక్టరు అడిగేవి వేరే: నెలకెన్ని వచ్చాయి, ఎంతసేపు ఉన్నాయి, స్పృహ తప్పారా, దెబ్బలు తగిలాయా, ముందురోజు మాత్ర మర్చిపోయారా. ఇంట్లోవాళ్లు ఫోన్‌లో తీసిన వీడియో ఉంటే సీఆర్‌పీ రిపోర్టు కన్నా ముందు దాన్నే చూస్తారు.