పికప్ మొండికేస్తే బ్యాటరీయే అంటున్న ఆ మెసేజ్‌కు జవాబు

డ్రైవర్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ సారాంశం ఇది: "పికప్ ఒకోసారి స్టార్టయి ఒకోసారి అవ్వకపోతే బ్యాటరీ పోయినట్టే, మార్చేయండి. హెడ్‌లైట్లు బాగా వెలుగుతున్నా స్టార్ట్ కాకపోతే సెల్ఫ్ మోటారు పోయినట్టు. సెల్ఫ్‌ను రెంచితో రెండు దెబ్బలు కొడితే సరి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి చూస్తే డైనమో సంగతి తేలిపోతుంది."

మొదటి మాట నమ్మి మా బావమరిది ఏడాదిలో రెండు బ్యాటరీలు కొన్నాడు. టమాటా ట్రేలతో తెల్లవారుజామున మదనపల్లె మార్కెట్‌కు వెళ్లే బండి. ఇంటి దగ్గర కీ తిప్పగానే అందుకునేది. మార్కెట్లో లోడు దించాక తిప్పితే 'టక్' అని ఒక్క శబ్దం, అంతే. పది నిమిషాలాగితే ఏమీ ఎరగనట్టు స్టార్టయ్యేది. కొత్త బ్యాటరీ వేశాక మూడు వారాలు పేచీ లేదు, తర్వాత మళ్లీ అదే కథ. ఆ మూడు వారాలైనా ఎందుకు బాగుంది? బ్యాటరీ మార్చాలంటే క్లాంపులు విప్పాలి, తెల్లగా పేరుకున్న పొడి గీకాలి, మళ్లీ బిగించాలి. ఆ పనిలో వైర్లూ అటూ ఇటూ కదులుతాయి. పని చేసింది ఆ గీకుడూ కదుపుడూ, పేరు మాత్రం కొత్త బ్యాటరీకి. తనంతట తానే వచ్చిపోయే జబ్బుతో చిక్కే ఇది. ఏ మందు వేసినా ఆ పూటకు పనిచేసినట్టే ఉంటుంది.

అందుకే మల్టీమీటర్ పట్టుకుని నేనే ఒకరోజు మార్కెట్‌కు వెళ్లి, బండి మొండికేసేదాకా కూర్చున్నాను. అది బాగున్నప్పుడు కొలిస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి మరి. కీ ముట్టుకోకముందు బ్యాటరీ 12.5 వోల్టులు. వాడు కీ తిప్పి పట్టుకుంటే 11 పైనే నిలబడింది. నీరసపడ్డ బ్యాటరీ అయితే అప్పుడు 9.6 కన్నా కిందికి జారాలి. తర్వాత మీటరు ముల్లు ఒకటి బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజిన్ బ్లాకు మీద పెట్టాం. కీ తిప్పినప్పుడు అక్కడ అర వోల్టు దాటకూడదు. 7 చూపించింది. అంటే సగం కన్నా ఎక్కువ కరెంటు బలం ఎర్త్ దారిలోనే, అంటే ఇంజిన్ నుంచి బ్యాటరీ మైనస్‌కు కరెంటు తిరిగొచ్చే దారిలోనే, ఆవిరైపోతోంది. కిందకి దూరి చూస్తే గేరుబాక్సు నుంచి ఛాసిస్‌కు వెళ్లే అల్లిక పట్టీ, లోపల పచ్చగా చిలుమెక్కి, నాలుగైదు పోగుల మీద వేలాడుతోంది. జంపర్ కేబుల్ ఒకటి బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజిన్‌కు తగిలించగానే సెల్ఫ్ గిర్రున తిరిగింది. మీటరు లేనివాళ్లకు ఈ కేబుల్ పరీక్ష చాలు.

హెడ్‌లైట్ల మాట. రెండు బల్బులూ కలిపి తాగేది పది ఆంపియర్ల చుట్టూ. డీజిల్ ఇంజిన్‌ను కదిలించాలంటే సెల్ఫ్‌కు వందల్లో కావాలి. పిల్లకాలువ పారుతోంది కాబట్టి చెరువు నిండుగా ఉందన్నట్టుంది ఈ లెక్క. లైట్లు పనికొస్తాయి, కానీ కీ తిప్పుతూ చూడాలి. ఉన్నట్టుండి ఆరిపోయినంత పనయితే బ్యాటరీనో టెర్మినళ్లనో అనుమానించండి. ఏమాత్రం తగ్గకుండా, 'టక్' కూడా లేకపోతే సెల్ఫ్‌కు కబురే అందలేదు. కీ స్విచ్, రిలే, సెల్ఫ్‌కు వెళ్లే సన్న వైరు, కొన్ని బండ్లలో క్లచ్ పెడల్ దగ్గరి స్విచ్ చూడాలి.

అసలు ఆ మెసేజ్ అడగని మొదటి ప్రశ్న ఒకటుంది. సెల్ఫ్ తిరుగుతోందా, లేదా? హుషారుగా తిరుగుతూ ఇంజిన్ అందుకోకపోతే పైన చెప్పినవేవీ కాదు. డీజిల్ లైన్లో గాలి, ఫిల్టర్లో నీళ్లు, చలికాలం పొద్దున హీటర్ ప్లగ్గులు, కొత్త బండ్లలో సెన్సర్లు. ఆ దారే వేరు.

రెంచి దెబ్బలో కాస్త నిజముంది. కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి ఇరుక్కుంటే, ఆ అదురుకు కదిలి ఒకటి రెండుసార్లు పనిచేస్తాయి. అంటే సెల్ఫ్ విప్పించాల్సిన రోజు వచ్చిందని అర్థం, బాగైందని కాదు. ఇప్పటి చిన్న సెల్ఫ్‌లు కొన్నిటిలో లోపల అయస్కాంతాలుంటాయి, గట్టిగా బాదితే పగులుతాయి.

ఇక నాలుగోది. ఇది తప్పే కాదు, ప్రమాదం కూడా. నడుస్తున్న ఇంజిన్‌కు బ్యాటరీ వైరు పీకితే, బ్యాటరీని చార్జి చేసే డైనమో వోల్టేజీ ఒక్కసారిగా పదుల వోల్టులకు ఎగబాకుతుంది. ఈసీఎం (ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటర్) ఉన్న బండిలో అది కాలిపోతే ఆ ఖర్చు ముందు బ్యాటరీ ధర ఏపాటి? డైనమోను చూడాలంటే ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ మీద మీటరు పెట్టండి. 13.8కీ 14.5కీ మధ్య ఉంటే చార్జింగ్ అవుతున్నట్టే.

మా బావమరిది కొత్త ఎర్త్ పట్టీ వేయించి, బోల్టు కింద తుప్పు గీకించాడు. ఆ రోజు నుంచి మార్కెట్లో బండి తోయమని ఎవరినీ పిలవలేదు. 'పోయింది' అని తీసేసిన మొదటి బ్యాటరీ పొలం షెడ్డులో రాత్రి దీపానికి ఇప్పటికీ పనిచేస్తోంది.